నికర బరువు

పాత కంప్యూటరు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాడు
నూట అరవై మూడు మెట్లెక్కి
గుమ్మంలో నిలబడి ముందు మంచినీళ్ళడిగాడు.
వాల్పరైసో కొండల మీద ఎవరైనా అంతే,
ముందు ఊపిరి, తర్వాత పని.

నేలిదా ఓయార్సున్ సంతకం పెట్టింది.
ఆరేళ్ళు బల్ల మీద కూర్చున్న నల్లటి బరువు
అట్టపెట్టెలో కిందికి దిగిపోయింది.
అది లేచిన చోట రబ్బరు కాళ్ళ మచ్చలు నాలుగు,
నడుమ ఏనాటిదో ఎండిన రొట్టెముక్క.

"ఇకమీదట మీ సొంత లాప్‌టాప్‌లోనే ఆఫీసు,
కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు, అంతే,
నాలుగు గిగాబైట్ల జాగా చాలు దానికి" అన్నాడు
ఫోన్లో బ్రౌలియో.
ఉన్నవే ఎనిమిది.
మూడడుగులు చాలన్న పొట్టివాడి సంగతి
ఆ ఊళ్ళో ఎవరూ చెప్పి ఉండరు.
సరేనంది.

మొదటిరోజే ఫ్యాను
ఎత్తుదారిలో లారీలా రొప్పింది.
ఇరవై నాలుగు వాయిదాల లాప్‌టాప్,
ఇంకా ఏడు కట్టాలి.
కరెంటు ఆమెదే. కుర్చీ ఆమెదే.
అత్త సొమ్ము అల్లుడి దానం అంటాం మనం,
వాళ్ళేమంటారో నేనడగలేదు.

కిటికీలో కిటికీ.
లోపలి కిటికీలో బూడిదరంగు గోడ, కంపెనీ ముద్ర,
చెర్రీపళ్ళ కంటైనర్లు, సీళ్ళ నంబర్లు,
ఎన్నడూ చూడని చైనా రేవుల పేర్లు.
మూత వేసి, భోంచేసి, మళ్ళీ తెరిస్తే
లోపలి గడియారం పదకొండుంబావు దగ్గరే నిలబడి ఉండేది.
సూపు చల్లారిందని దానికి తెలీదు.
నాలుగు క్షణాలు తికమకపడి
ఒక్క గంతులో మనలో కలిసేది.

బయట, ఆమె వైపు,
ఎవరికీ చూపని ఫైలొకటి ఉంది.
తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఒక వాక్యం
పొగమంచు గురించి, అదే, ఇంకేమీ కాదు.

డిసెంబరు రెండో వారం, పంట ఓడలెక్కే రోజులు.
ఆ ఉదయపు వాక్యాన్ని పైవరసలోకి మారుద్దామని కాపీ చేసింది.
ఇంతలో లోపల్నుంచి మేనేజరు కేక.
వెళ్ళింది. చెయ్యి కూడా వెళ్ళింది.
సరుకు వివరణ అన్న గడిలో
ఆమెకు తెలియకుండా అతుక్కుంది:
"ఇవాళ ఓడలు లేవు. వాటి దగ్గులు మాత్రం ఉన్నాయి."

నలభై నిమిషాలకు కస్టమ్స్ జవాబు:
"సరుకు వివరణ అందినది.
నికర బరువు తెలుపలేదు.
దయచేసి తెలుపగలరు."

చచ్చేంత సిగ్గు ముందు.
ఆ తర్వాత, ఎందుకో, నిజంగానే ఆలోచన.
కిటికీ బయట మంచు క్రేన్ల మెడల దాకా ఉంది.
ఎదురింటి ఎఉఫేమియా రాత్రి ఆరేసి మరిచిన దుప్పటి
తీగను కిందికి లాగుతోంది.
ఇప్పుడు దాన్ని తూకం వేసి
ఎండాక మళ్ళీ తూకం వేసి
ఇందులోంచి అది తీసేస్తే,
కనీసం ఒక్క దుప్పటంత మంచుకైనా లెక్క తేలదా?

ఆ తర్వాతే దిద్దింది.
తాజా చెర్రీలు. పంతొమ్మిది వేల రెండువందల కిలోలు.

బ్రౌలియోకి ఫోన్ చేసి
ఇటూ అటూ కాపీలు దాటే తలుపు మూసెయ్యమంది.
"మీకే కష్టం" అన్నాడు.
"పడతాలే."

సాయంత్రం లోపలి యంత్రాన్ని నిద్రపుచ్చబోతూ ఆగింది.
ఆ జవాబు తనకు కావాలి,
తన ఫైల్లోకి, ఆ ఉదయపు వాక్యం కిందికి.
తలుపు మూసి ఉంది.
రొట్టె చుట్టిన కాగితం చింపి
పెన్సిలుతో ఎక్కించుకుంది.
లోపలి కిటికీ ఆరిపోయింది, ఫ్యాను దమ్ము తీసుకుంది.
అప్పుడు, నూనె మరక పక్కనున్న అక్షరాల్ని
ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ
ఇటువైపు మళ్ళీ కొట్టింది:

నికర బరువు తెలుపలేదు.